గుల్ల చెప్పిన వాన లెక్క

బంగాళాఖాతం అడుగున, ఇసుక రేణువంత గుల్లల్లో వేల ఏళ్ల కిందటి వానలూ కరవులూ నమోదై ఉన్నాయి. చిక్కల్లా ఒకటే. గుల్ల మూడు సంగతుల్ని కలిపి ఒకే అంకెలో చెబుతుంది. వాటిని విడదీయడం నేర్చుకోవడానికి శాస్త్రానికి అర్ధ శతాబ్దం పైగా పట్టింది.

2006 ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా మన దేశ తీరాల వెంట ఒక డ్రిల్లింగ్ ఓడ తిరిగింది. పేరు జోయిడెస్ రిజల్యూషన్. సముద్రం అడుగున నీటితో కలిసి గడ్డకట్టి ఉన్న మీథేన్‌ను, అంటే గ్యాస్ హైడ్రేట్లను వెతకడం దాని పని. కృష్ణా–గోదావరి బేసిన్‌లో అవి దండిగానే కనిపించాయి. ఆ తవ్వకాల్లో పదహారో నంబరు చోటు కోనసీమ తీరానికి ఆవల, 1,268 మీటర్ల నీటి లోతున ఉంది. అక్కడ గొట్టం దించితే ముందుగా పైకి వచ్చింది మెత్తటి బురద. గ్యాస్ కోసం వచ్చినవాళ్లకు అది దాటుకుని పోవాల్సిన పొర. అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థకు చెందిన కామిలో పాంటన్, లివియు జోసాన్, వారి సహచరులకు మాత్రం కావలసింది అదే.

అది గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు. త్ర్యంబకం నుంచి అంతర్వేది దాకా వాన ఏ నేలను కడిగితే ఆ నేల ఏటి వెంట కొట్టుకొచ్చి ఇక్కడ చేరింది, ఏడాది మీద ఏడాది, పొర మీద పొర. పైపొర నిన్నమొన్నటిది. కిందికి వెళ్లేకొద్దీ కాలం వెనక్కి పోతుంది. ఆ బురదలో వాళ్లు రెండు వస్తువులు వెతికారు. ఒకటి ఆకుల మీది మైనం. మొక్కల ఆకులకు ఉండే సన్నటి మైనపు పూత వేల ఏళ్లయినా చెడదు. దానిలోని కార్బన్‌ను పరీక్షిస్తే అది తడి నేలల చెట్లదో, పొడి నేలల గడ్డిదో తెలుస్తుంది. రెండోది గ్లోబిజెరినాయిడెస్ రూబర్ అనే జీవి వదిలిపెట్టిన గుల్ల. ఈ కథ అంతా దాని చుట్టూనే.

దేశమంతటి వాన లెక్కలు మన దగ్గర ఎప్పటి నుంచి ఉన్నాయి? భారత వాతావరణ శాఖ పుట్టింది 1875లో. అంటే నూట యాభై ఏళ్లు. అంతకు బాగా ముందటి సంగతి కావాలంటే శాసనాలు చూడాలి, కైఫీయతులు చూడాలి. అవి కరవు వచ్చిందని చెబుతాయిగానీ ఎన్ని అంగుళాల వాన తగ్గిందో చెప్పవు. నాలుగు వేల ఏళ్ల వెనక్కి వెళ్తే అవీ ఉండవు. ఆ చీకట్లో దొరికే కొద్దిపాటి ఆధారాల్లో ఈ గుల్ల ఒకటి.

సున్నపు ఇల్లు కట్టే ఒంటికణం

రూబర్ ఫోరామినిఫెరా, క్లుప్తంగా ఫోరామ్, అనే పెద్ద కుటుంబంలోది. అందులో ఎక్కువ జాతులు సముద్రం అడుగున మట్టిలో బతుకుతాయి. నీటిలో తేలుతూ తిరిగే ప్లవక జాతులు ఇప్పుడు సముద్రాలన్నిటిలో కలిపి యాభైకి అటూఇటూ మాత్రమే. ఒళ్లంతా ఒకే కణం. అయినా ఆ కణం కాల్షియం కార్బొనేట్‌తో ఒక గుల్ల కట్టుకుంటుంది. మన తీరపు ఊళ్లలో గుల్ల కాల్చి సున్నం తీసేవారే, ఆ గుల్లలో ఉన్న పదార్థమే ఇదీ. ఒక గది కట్టి, అది చాలక పక్కన ఇంకో గది, దాని పక్కన మరోటి, చుట్టు తిప్పుతూ కట్టుకుపోతుంది. పూర్తిగా పెరిగిన రూబర్‌ను సూక్ష్మదర్శిని కింద పెడితే గుండ్రటి మూడు గదులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. మధ్య గదికి విల్లు వంపు తిరిగిన గుమ్మం. గోడ నిండా సన్నటి రంధ్రాలు. ఇంతా చేస్తే దాని పొడవు అర మిల్లీమీటరు దాటదు. బరువు ఒక గ్రాములో లక్షో వంతు.

బతికున్నప్పుడు దాని ఒంటి నుంచి సూదుల్లాంటి సున్నపు ముళ్లు నలువైపులా పొడుచుకుని ఉంటాయి. ఆ ముళ్ల వెంట జిగురు పోగులు సాచి, తనకు చిక్కిన బుల్లి రొయ్యజాతి పురుగుల్ని లాక్కుని తింటుంది. అది చాలదన్నట్టు ఒంట్లోనే కొన్ని శైవలాలను పెంచుకుంటుంది. వాటికి ఎండ కావాలి. అందుకని రూబర్ పైనీటిని వదిలి లోతుకు పోదు. మనకు పనికొచ్చే గుణం ఇదే. గుల్లలో ఏది నమోదైనా అది పైనీటి సంగతే అని ధీమాగా అనుకోవచ్చు. ఆయుష్షు కొన్ని వారాలు. చంద్రుడి రాకపోకలతో లంకె ఉన్నట్టు చాలా జాతులు నెలకోసారి సంతానోత్పత్తి చేస్తాయి. ఉన్న కణమంతా పిల్లకణాలుగా విడిపోయి వెళ్లిపోతుంది. ఖాళీ గుల్ల కిందికి దిగుతుంది.

తొలినాళ్లలో వీటిని చూసి పెద్దపెద్దవాళ్లే పొరబడ్డారు. 1826లో వీటిని ఒక వర్గంగా పేర్చిన ఫ్రెంచి శాస్త్రవేత్త అల్సిడ్ డోర్బిన్యీ, గదుల అమరిక చూసి ఇవి నాటిలస్, ఆక్టోపస్ వంటి జీవులకు చిన్న బంధువులనుకున్నాడు. ఇవి ఒంటికణ జీవులని 1835లో ఫెలిక్స్ దుజార్డాన్ తేల్చాడు. 1872–76 మధ్య ప్రపంచం చుట్టిన చాలెంజర్ ఓడ తెచ్చిన అడుగు బురదలు చూశాక ఇవి ఎంత లెక్కకు మిక్కిలి ఉన్నాయో అర్థమైంది. వేల మైళ్ల మేర సముద్రపు అడుగంతా ఈ గుల్లలే పరుచుకుని ఉన్నాయి. అయితే మరీ లోతున, నాలుగైదు కిలోమీటర్లు దాటాక, అవి నీటిలో కరిగిపోతాయి. కాబట్టి గుల్లలు కావాలంటే మధ్యరకం లోతు చూసుకోవాలి. కోనసీమ ఎదుట ఉన్న చోటు అలాంటిదే.

రూబర్‌లో గులాబీ రంగుది ఒకటి, తెల్లది ఒకటి. అట్లాంటిక్‌లో రెండూ ఉన్నాయి. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల్లో గులాబీది సుమారు 1,20,000 ఏళ్ల కిందటే మాయమైంది. అందుకే మన వైపు కోర్‌లో, అంటే గొట్టంతో తీసిన బురద స్తంభంలో, గులాబీ గుల్ల కనబడగానే, ఆ పొర అంతకన్నా పాతదని పరిశోధకుడికి వెంటనే తెలిసిపోతుంది.

ఒక అంకె, ఇద్దరు శాస్త్రవేత్తలు

గుల్లకూ నీటి వేడికీ సంబంధం ఉందని కనిపెట్టింది జీవశాస్త్రజ్ఞులు కాదు. 1947లో నోబెల్ గ్రహీత హెరాల్డ్ యూరీ, ఐసోటోపుల గురించి కాగితం మీద లెక్కలు వేస్తూ ఒక సంగతి గమనించాడు. ఆక్సిజన్‌లో మామూలు పరమాణువు బరువు 16. ప్రతి అయిదు వందలకు ఒకటి చొప్పున 18 బరువున్న పరమాణువు తగులుతుంది. నీటిలోంచి సున్నం గడ్డకట్టేటప్పుడు, నీరు చల్లగా ఉంటే బరువు ఆక్సిజన్ కాస్త ఎక్కువగా, వెచ్చగా ఉంటే కాస్త తక్కువగా చేరుతుంది. ఎంత కాస్త? ఒక డిగ్రీ మారితే వెయ్యింట 0.2 వంతు. దీన్ని కొలవగలిగే యంత్రం అప్పటికి లేదు. యూరీ బృందం షికాగోలో దాన్ని తయారుచేసింది.

ఆ షికాగో ప్రయోగశాల నుంచే చెసారే ఎమిలియానీ వచ్చాడు. కరీబియన్ సముద్రపు అడుగు నుంచి తీసిన కోర్లలో ప్లవక ఫోరామ్ గుల్లల్ని వరసగా కొలిచి 1955లో ఫలితాలు ప్రకటించాడు. మంచుయుగాలు నాలుగే అని అప్పటిదాకా పుస్తకాల్లో ఉండేది. ఆయన గీసిన గీత మాత్రం పైకీ కిందికీ అంతకన్నా ఎక్కువసార్లు ఊగింది. మంచుయుగంలో కరీబియన్ నీరు ఆరు డిగ్రీల మేర చల్లబడిందని ఆయన లెక్క.

ఇక్కడే తిరకాసు. సముద్రం నుంచి ఆవిరయ్యే నీటిలో తేలిక ఆక్సిజన్ పాలు ఎక్కువ. మామూలు రోజుల్లో ఆ ఆవిరి వానై కురిసి, నదుల వెంట మళ్లీ సముద్రానికే చేరుతుంది. మంచుయుగంలో అలా కాదు. కురిసిన మంచు ఉత్తర ఖండాల మీద కిలోమీటర్ల మందాన పేరుకుని అక్కడే ఉండిపోయింది. సముద్రమట్టం 120 మీటర్లు దిగిపోయింది. తేలిక నీరు మంచులో చిక్కుకుంటే, మిగిలిన సముద్రమంతటా బరువు ఆక్సిజన్ పాలు పెరిగింది. అంటే నీరు ఒక్క డిగ్రీ కూడా చల్లబడకపోయినా గుల్ల బరువెక్కుతుంది. ఎమిలియానీ ఈ సంగతి ఎరగనివాడేం కాదు. దాని వాటా తక్కువేలే అనుకున్నాడు.

కేంబ్రిడ్జికి చెందిన నికొలస్ షాకిల్టన్ దాన్ని ఒప్పుకోలేదు. 1967లో ఆయన చేసిన వాదన వింటే, ఇంత సులువు ఆలోచన ముందెవరికీ ఎందుకు రాలేదా అనిపిస్తుంది. పైనీటి గుల్లలతో పాటు, అదే కాలంలో సముద్రం అడుగున బతికిన ఫోరామ్ గుల్లల్నీ ఆయన చూశాడు. అడుగు నీరు ఇప్పుడే గడ్డకట్టే చలికి దగ్గరగా ఉంది. మంచుయుగంలో అది ఇంకో ఆరు డిగ్రీలు చల్లబడే ప్రశ్నే లేదు. అయినా అడుగు గుల్లల్లోనూ దాదాపు అంత మార్పే కనిపించింది. కాబట్టి ఎమిలియానీ గీత చూపిస్తున్నది ప్రధానంగా వేడి కాదు, భూమ్మీద పోగైన మంచు పరిమాణం.

నా దృష్టిలో ఈ శాస్త్రం అసలు పుట్టింది 1947లో కాదు, ఈ 1967 వాదనతోనే. ఫోరామ్ గుల్లను సముద్రపు థర్మామీటర్ అని పత్రికలు ముచ్చటగా రాస్తుంటాయి. థర్మామీటర్ ఒక్కటే కొలుస్తుంది. గుల్ల అలా కాదు, తన చుట్టూ ఉన్నదంతా కలగలిపి ఒక్క అంకెగా ఇస్తుంది. ఆ అంకెలో ఎవరి వాటా ఎంతో తేల్చడమే ఈ శాస్త్రం చేసే పని.

తప్పుగా చదివిన అంకె కూడా సరిగ్గా చదివితే గొప్ప మేలు చేసింది. 1976లో జేమ్స్ హేస్, జాన్ ఇంబ్రీ, షాకిల్టన్ ముగ్గురూ దక్షిణ హిందూ మహాసముద్రం నుంచి తీసిన రెండు కోర్లలో సుమారు నాలుగున్నర లక్షల ఏళ్ల రికార్డును పరిశీలించారు. గుల్లల ఆక్సిజన్ గీతలో లక్ష, 42 వేలు, 23 వేల ఏళ్ల లయలు తేటతెల్లంగా కనిపించాయి. భూమి కక్ష్యలోనూ, అక్షం వాలులోనూ వచ్చే మార్పులే మంచుయుగాలకు తాళం వేస్తున్నాయని సెర్బియా గణితజ్ఞుడు మిలంకోవిచ్ ఎప్పుడో చెప్పాడు. రుజువు దొరికేసరికి ఆయన కాలంచేసి పద్దెనిమిదేళ్లయింది.

మెగ్నీషియం అనే రెండో ఆధారం

బంగాళాఖాతానికి వస్తే చిక్కు ఇంకా పెరుగుతుంది. ఇక్కడ మూడో వాటాదారు ఉన్నాడు, మంచినీరు. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చిపోసే నీరు, దాని మీద సముద్రం మీదే కురిసే వాన. వానాకాలంలో ఉత్తర బంగాళాఖాతపు పైనీటి లవణత వెయ్యింట 30 వంతుల కన్నా దిగువకు పడిపోతుంది. అవతల అరేబియా సముద్రంలో అది 36. వాననీటిలో తేలిక ఆక్సిజన్ ఎక్కువ కదా, వరద ఎక్కువైన ఏడాది గుల్ల తేలికపడుతుంది. నీరు వేడెక్కినా గుల్ల తేలికే పడుతుంది. ధ్రువాల మంచు కరిగినా అంతే. మరి ఈ గుల్ల తేలికపడింది వానకా, వేడికా, మంచుకా?

దీనికి 1990ల చివర, 2000ల మొదట్లో ఒక దారి దొరికింది. గుల్ల కట్టేటప్పుడు కాల్షియం చోట అక్కడక్కడ మెగ్నీషియం దూరుతుంది. నీరు వెచ్చగా ఉంటే ఎక్కువ దూరుతుంది. లవణత, ఆమ్లత దీన్ని కొంత మారుస్తాయిగానీ ప్రధానంగా నడిపేది వేడే. సర్గాసో సముద్రంలో ఏళ్లపాటు గుల్లల్ని పట్టి, పల్లవీ ఆనంద్, హ్యారీ ఎల్డర్‌ఫీల్డ్, మౌరీన్ కాంటే 2003లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ అందరూ వాడేదే. దాని ప్రకారం 25 డిగ్రీల నీటిలో వెయ్యి కాల్షియం పరమాణువులకు 3.6 మెగ్నీషియం పరమాణువులు ఉంటే, 28 డిగ్రీల నీటిలో 4.7 ఉంటాయి. డిగ్రీకి తొమ్మిది శాతం పెరుగుదల. జీవి ప్రమేయం లేకుండా గడ్డకట్టిన సున్నంలో పెరుగుదల ఇందులో మూడో వంతే. అంటే ఆ ఒంటికణం ఏదో చేస్తోంది.

ఇప్పుడు లెక్క కుదిరింది. మెగ్నీషియం నుంచి వేడి తెలుస్తుంది. సముద్రమట్టం రికార్డు నుంచి మంచు వాటా తెలుస్తుంది. ఆక్సిజన్ అంకె నుంచి ఈ రెండూ తీసేస్తే మిగిలింది ఉప్పదనం, అంటే వాన, వరద. మూడు కొలతల్లోనూ పొరపాటుకు కొంత చోటుంటుంది. చివర మిగిలినదాని మీద ఆ పొరపాట్లన్నీ వచ్చి పడతాయి. అందుకే మంచి పరిశోధకులు ఉప్పదనాన్ని అంకెలో చెప్పడానికి జంకుతారు. పెరిగింది, తగ్గింది అని మాత్రం గట్టిగా చెబుతారు.

కుంచె కొసన గుల్ల

ఈ అంకెలు ఎలా పుడతాయో దగ్గర నుంచి చూస్తే వాటి మీద గౌరవం పెరుగుతుంది. కోర్‌లోంచి సెంటీమీటరు మందాన ఒక ముక్క కోస్తారు. నీటిలో నానబెట్టి, మిల్లీమీటరులో పదహారో వంతు కన్నులున్న జల్లెడ మీద సన్నటి ధారతో కడుగుతారు. బంకమన్నంతా కిందికి పోయి, జల్లెడ మీద తెల్లటి నలుసులు మిగులుతాయి. వాటిని తక్కువ వేడి మీద ఆరబెట్టి, గళ్లు గీసిన నల్లటి పళ్లెంలో చల్లి సూక్ష్మదర్శిని కింద పెడతారు. ఇక కూర్చుని, బియ్యంలో రాళ్లు ఏరినట్టు, రూబర్ గుల్లల్ని ఒక్కొక్కటే ఏరాలి. చేతిలో ఉండేది అన్నిటికన్నా సన్న కుంచె. కొస తడి చేసి గుల్లకు తాకిస్తే, ఆ తడికి అంటుకుని పైకి లేస్తుంది. కొస ఎండితే జారిపడుతుంది. తడి ఎక్కువైతే పక్కనున్న వేరే జాతి గుల్ల కూడా వచ్చేస్తుంది. గట్టిగా ఊపిరి వదిలితే అరగంట శ్రమ గాలికి పోతుంది.

సైజు కూడా చూసుకోవాలి. ఒకే జాతిలో చిన్న గుల్లకూ పెద్ద గుల్లకూ రసాయనంలో తేడా ఉంటుంది. మామూలుగా 250 నుంచి 355 మైక్రాన్ల మధ్యవే తీసుకుంటారు. మెగ్నీషియం పరీక్షకు అలాంటివి ముప్ఫై, నలభై కావాలి. వాటిని రెండు గాజుపలకల మధ్య పెట్టి మెల్లగా నొక్కితే గదులు పగిలి తెరుచుకుంటాయి. లోపల చేరిన మట్టిని వదిలించడం తరవాతి పని. మన తీరంలో అన్నిటికన్నా కీలకం ఈ మెట్టే. ఎందుకంటే గోదావరి బంకమన్ను దక్కను నల్లరాతి నుంచి వచ్చింది. అందులో మెగ్నీషియం పుష్కలం. చిటికెడు మట్టి గదిలో ఉండిపోయినా, సముద్రం రెండు మూడు డిగ్రీలు వేడెక్కినట్టు యంత్రం చెబుతుంది. అందుకని స్వచ్ఛమైన నీటితో, మెథనాల్‌తో, అల్ట్రాసౌండ్ తొట్టెలో పదేపదే కడుగుతారు. సేంద్రియ పదార్థం పోవడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తారు. చివరికి పలచటి ఆమ్లంలో కరిగించి కొలుస్తారు. అప్పుడు కూడా అల్యూమినియం, ఇనుము ఎంత వచ్చాయో చూస్తారు. ఎక్కువ వచ్చాయంటే మట్టి పూర్తిగా వదల్లేదని అర్థం. ఆ నమూనా పారేయాల్సిందే.

ఆక్సిజన్ పరీక్షకు ఇంత హైరానా లేదు. గుల్ల మీద వేడి ఫాస్ఫారిక్ ఆమ్లం చుక్క పడితే కార్బన్ డయాక్సైడ్ పొంగుతుంది. ఆ వాయువును మాస్ స్పెక్ట్రోమీటర్ లోకి పంపి 44, 45, 46 బరువున్న అణువుల పాళ్లు లెక్కిస్తారు. ఇక కాలం తేల్చడానికి అదే పొరలోని గుల్లలకు రేడియోకార్బన్ పరీక్ష.

ఈ పని చేస్తున్నవాళ్లు మన దగ్గరా తక్కువేం కాదు. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీలోని హాంబర్గ్ విశ్వవిద్యాలయం కలిసి 1980ల చివరి నుంచి బంగాళాఖాతంలో గరాటు ఆకారపు తొట్లను వేలాడదీసి, ఏ నెలలో ఏ జాతి గుల్లలు ఎన్ని రాలుతున్నాయో లెక్కించాయి. అది తెలియకపోతే గుల్ల చెప్పేది ఏ కాలపు మాటో తెలియదు. మన పరిశోధన నౌక సాగర్ కన్య తన 218వ యాత్రలో పశ్చిమ బంగాళాఖాతం నుంచి తీసిన కోర్ మీద పవన్ గోవిల్, పోతూరి దివాకర్ నాయుడు ఇదే జంట కొలత చేసి, 32 వేల ఏళ్ల రికార్డును 2011లో ప్రకటించారు. మంచుయుగపు తారస్థాయిలో మన సముద్రం ఇప్పటికన్నా సుమారు మూడు డిగ్రీలు చల్లగా ఉందని వారి లెక్క. మూడు డిగ్రీలు చిన్న మాట కాదు. తుపానుకు బలమిచ్చేది 28 డిగ్రీలు దాటిన ఈ పైనీరే.

గోదావరి ఎదుట తేలింది

ఇక పదహారో నంబరు కోర్ సంగతి. లోతు సముద్రంలో వెయ్యేళ్లకు రెండు మూడు సెంటీమీటర్ల మట్టి పేరుకుంటే, గోదావరి ఎదుట పదుల సెంటీమీటర్లు పేరుకుంది. కాబట్టి కాలాన్ని సన్నగా చీల్చి చూడొచ్చు. పాంటన్ బృందం 2012లో చెప్పింది ఇదీ. సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి 1,700 ఏళ్ల కిందటి దాకా గోదావరి పరీవాహక ప్రాంతంలో పొడి నేలల మొక్కలు అంతకంతకూ పెరుగుతూ వచ్చాయి. ఆ తరవాత అవే స్థిరపడ్డాయి. ఇది ఆకుల మైనం మాట. రూబర్ గుల్లలు దానికి ఒక కొసరు చేర్చాయి. గత 3,000 ఏళ్లలో, ముఖ్యంగా 1,700 ఏళ్ల కిందటి నుంచి, బంగాళాఖాతపు పైనీరు అంతకు ముందెన్నడూ లేనంత ఉప్పగా మారిన సందర్భాలు పలుమార్లు ఉన్నాయి. అంటే వాన మెల్లగా, తిన్నగా తగ్గిపోలేదు. దఫదఫాలుగా దెబ్బకొట్టింది. మంచి కాలం, మధ్యలో కరవు, మళ్లీ కాస్త తెరిపి, మళ్లీ కరవు.

రెండు వేరువేరు ఆధారాలు, ఒకటి నేలది, ఒకటి సముద్రానిది, ఒకే మాట చెప్పడం ఇక్కడ విశేషం. మైనం ఒక్కటే ఉంటే, అడవి నరికి పైరు వేశారేమో, అందుకే మొక్కలు మారాయేమో అని అనుమానించే వీలుంది. గుల్ల ఒక్కటే ఉంటే వేడి మారిందేమో అనొచ్చు. అడవి నరికితే సముద్రం ఉప్పబడదు.

ఆ బృందం ఇంకో అడుగు వేసింది. దక్షిణాదిలో వాన ఇలా నిలకడ తప్పాకే చెరువుల వంటి నీటి నిల్వ ఏర్పాట్లు వేగంగా వ్యాపించి ఉండొచ్చని రాసింది. తెలుగువాళ్లకు ఇది వినడానికి ఇంపుగా ఉంటుంది. రామప్ప, పాకాల, లక్నవరం గుర్తొస్తాయి. 1369లో పోరుమామిళ్ల చెరువు కట్టించి, చెరువుకు ఉండాల్సిన లక్షణాలను శాసనంలో చెక్కించిన భాస్కర భవదూరుడు గుర్తొస్తాడు. కానీ కాకతీయుల చెరువులు ఎనిమిది వందల ఏళ్ల నాటివి. పోరుమామిళ్ల ఇంకా తరవాతిది. గుల్లలో కరవు ముదిరింది పదిహేడు వందల ఏళ్ల కిందట. మధ్యలో రాజ్యాలు మారాయి, జనం పెరిగారు, ఇనుప పనిముట్లు చౌకయ్యాయి, గుడుల కింద మాన్యాలు వచ్చాయి. వాన తగ్గిందని గుల్ల చెప్పగలదు. చెరువు ఎందుకు తవ్వారో అది చెప్పలేదు. రాసినవాళ్లు కూడా ‘ఉండొచ్చు’ అనే అన్నారు. మనం ఆ మాటను మింగేసి ‘కరవే చెరువులు కట్టించింది’ అని చెప్పుకోకుండా ఉంటే మంచిది.

వాన ఎక్కువైనా కష్టమే

2014 నవంబరులో పాత వానల లెక్క కోసమే ప్రత్యేకంగా ఒక యాత్ర బంగాళాఖాతానికి బయల్దేరింది. అంతర్జాతీయ సముద్ర డ్రిల్లింగ్ కార్యక్రమం 353వ యాత్ర. లక్ష్యం గ్యాస్ కాదు, రుతుపవనాల చరిత్ర. ఒడిశా తీరానికి ఆవల, మహానది ఎదుట, సుమారు 1,400 మీటర్ల లోతు నుంచి తీసిన కోర్‌తో స్టీవెన్ క్లెమెన్స్ బృందం 2021లో తొమ్మిది లక్షల ఏళ్ల రుతుపవనాల కథ చెప్పింది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు, మంచు తగ్గినప్పుడు, దక్షిణ హిందూ మహాసముద్రం నుంచి తేమ ఎక్కువగా వచ్చినప్పుడు మనకు వాన పెరిగిందని తేల్చింది. రాబోయే రోజుల్లో వాన పెరుగుతుందని కంప్యూటర్ నమూనాలు చెబుతున్నదానికి ఇది గతం నుంచి వచ్చిన బలం.

అయితే వాన పెరిగితే అందరికీ మేలని అనుకోవద్దు. 2025లో కౌస్తుభ్ తిరుమలై, యెయిర్ రోజెంథాల్ తదితరులు బంగాళాఖాతపు ఫోరామ్ గుల్లలతో గత 22 వేల ఏళ్ల సముద్రపు ఆహార ఉత్పత్తిని బేరీజు వేశారు. రుతుపవనాలు బాగా బలహీనపడినప్పుడు, సుమారు 17,500 నుంచి 15,500 ఏళ్ల కిందట, సముద్రంలో ప్లవకాలు తగ్గాయి. అది ఊహించిందే. గాలి లేకపోతే నీరు కలగలవదు, అడుగున ఉన్న పోషకాలు పైకి రావు. ఆశ్చర్యం ఏమంటే, 10,500 నుంచి 9,500 ఏళ్ల కిందట రుతుపవనాలు విపరీతంగా బలపడినప్పుడూ అవి తగ్గాయి. నదుల మంచినీరు ఉప్పునీటి పైన పొరలా పరుచుకుని మూతపడితే, ఎంత గాలి వీచినా కింది నీరు పైకి రాదు. ప్లవకాలు లేకపోతే వాటిని తినే చేప ఉండదు. ప్రపంచ సముద్ర విస్తీర్ణంలో ఒక శాతం కూడా లేని బంగాళాఖాతం, ప్రపంచపు చేపల ఉత్పత్తిలో ఎనిమిది శాతం దాకా ఇస్తోందంటారు. కాకినాడ రేవులోనూ, విశాఖ జాలరిపేటలోనూ బోట్ల మీద బతికేవాళ్లకు ఇది ఎక్కడో పరిశోధన పత్రం సంగతి కాదు.

రాజమండ్రి క్వారీలో

గుల్లల రసాయనాన్ని ఎంత వెనక్కి నమ్మొచ్చు? దీనికి మన ఇంటి ముందే ఒక ఉదాహరణ ఉంది. రాజమహేంద్రవరం దగ్గర గౌరీపట్నం, దుద్దుకూరు క్వారీల్లో నల్లరాతి లావా పొరల మధ్య సముద్రపు మట్టి చిక్కుకుని ఉంది. పశ్చిమ కనుమల వైపు పొంగిన దక్కను లావా దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడిదాకా వచ్చింది. లావాకూ లావాకూ మధ్య వ్యవధిలో సముద్రం వచ్చి ఆ మట్టిని పరిచింది. గెర్టా కెల్లర్ బృందం 2008లో ఆ మట్టిలోని ప్లవక ఫోరామ్‌లను గుర్తించి, రాక్షసబల్లులు అంతరించిన వెంటనే వచ్చిన కొత్త జాతులు అవేనని తేల్చింది. దాంతో కింది లావా ప్రవాహం ఆ మహావినాశనానికి దగ్గరగా ముగిసిందని తెలిసింది.

ఇక్కడ గుల్ల ఆకారం తేదీ చెప్పింది. వేడి చెప్పాలంటే రసాయనం చెక్కుచెదరకుండా ఉండాలి. గట్టిపడిన సున్నపురాళ్లలో గుల్లలు కరిగి మళ్లీ స్ఫటికాలు కట్టడం మామూలే. చూడ్డానికి ఆకారం అలాగే ఉంటుంది, లోపలి సున్నం మాత్రం అడుగు చలిలో తరవాత చేరింది. ఈ మోసం వల్లే కోట్ల ఏళ్ల కిందటి ఉష్ణమండల సముద్రాలు చల్లగా ఉండేవని చాలాకాలం అనుకున్నారు. 2001లో పాల్ పియర్సన్ బృందం టాంజానియా బంకమట్టిలో గాజులా మెరుస్తున్న, మార్పు లేని గుల్లలు కొలిచి ఆ మాట తప్పని చూపింది. బంకమన్ను గుల్లను కాపాడుతుంది. శుభ్రం చేసేటప్పుడు అంత ఏడిపించే మన్నే.

పలచబడుతున్న గోడలు

ఇప్పుడు బతికున్న ఫోరామ్‌ల పరిస్థితి వేరే చింత. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో కొంత సముద్రంలో కరిగి నీటి ఆమ్లతను పెంచుతోంది. అలాంటి నీటిలో సున్నపు గోడ కట్టడం కష్టం. దక్షిణ మహాసముద్రంలో ఇప్పటి గ్లోబిజెరినా బుల్లాయిడెస్ గుల్లలు, అక్కడి బురదలోని పారిశ్రామిక యుగానికి ముందటి గుల్లల కన్నా 30 నుంచి 35 శాతం తేలికగా ఉన్నాయని 2009లో తేలింది. చాలెంజర్ ఓడ తెచ్చి మ్యూజియంలో దాచిన గుల్లల్ని, ఇటీవల తారా అనే పరిశోధన నౌక పసిఫిక్‌లో పట్టిన వాటితో పోల్చితే, ఒక జాతిలో గోడలు 76 శాతం దాకా పలచబడ్డాయని 2020లో మరో బృందం చూపింది. ఒకే మ్యూజియం సరుకు మీద ఆధారపడిన లెక్క కాబట్టి అన్ని సముద్రాలకూ దాన్ని అంటగట్టలేం. దిశ మాత్రం అనుమానం లేనిది. నీటి ఆమ్లతను కొలవడానికి గుల్లలోని బోరాన్ ఐసోటోపులను వాడే పద్ధతి కూడా ఉంది. అంటే తన గోడను తినేస్తున్న మార్పును కూడా ఆ గుల్లే రాసిపెడుతోంది.

పద్ధతులు ఇంకా సన్నబడుతున్నాయి. ఇన్నాళ్లూ ముప్ఫై గుల్లలు కలిపి ఒక సగటు తీశారు. ఇప్పుడు ఒక్కో గుల్లనూ విడిగా కొలుస్తున్నారు. ఒక్క గుల్ల ఒక నెల బతుకు. ఒకే పొరలోని యాభై గుల్లల్ని విడివిడిగా కొలిస్తే, ఆ కాలంలో ఏటికీ ఏటికీ, కాలానికీ కాలానికీ సముద్రం ఎంత అటూఇటూ ఊగిందో బయటపడుతుంది. రైతుకైనా, జాలరికైనా సగటు కన్నా ఈ ఊగిసలాటే ముఖ్యం.

దానికి కొత్తగా సముద్రంలోకి పోనక్కరలేదు. 353వ యాత్ర కోర్లు జపాన్‌లోని కొచి నగరంలో (కేరళ కొచ్చి కాదు) చల్లటి గిడ్డంగిలో ఉన్నాయి. ఒక్కో కోర్‌ను నిలువునా రెండుగా చీల్చి ఒక సగాన్ని ముట్టకుండా పక్కన పెడతారు. రెండో సగంలోంచి, ఏం కొలుస్తారో ఎందుకో రాసి పంపితే, ఏ దేశపు పరిశోధకుడికైనా నమూనా ఇస్తారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో ఉస్మానియాలోనో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు గైడ్ సంతకంతో దరఖాస్తు పెట్టొచ్చు. ఒక పొర నుంచి అడగాల్సింది పదీ ఇరవై ఘన సెంటీమీటర్ల బురద.